పడుకున్నదాన్ని కొట్టకూడదు

మా అత్తగారికీ నాకూ మొట్టమొదటి గొడవ పిల్లి నిద్ర మీద వచ్చింది. అప్పటికి నేను కాపురానికి వచ్చిన కొత్త. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక షెడ్డులోకి వెళ్లి చూద్దును కదా, అద్దకం బల్ల మీద, మా ఆయన అప్పుడే అచ్చులు వేసి వెళ్లిన తడి గుడ్డ మీద, పిల్లి నాలుగు కాళ్లూ బారజాపుకుని గుర్రు పెడుతోంది. దాని పొట్ట కింద నెమళ్ల వరసంతా అలికిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. చీపురు తిరగేసి నడుం మీద ఒక్కటిచ్చాను. అది కెవ్వుమని ఎగిరి, రంగు గిన్నె తన్నేసి, కిటికీలోంచి బయటికి దూకింది.

మరుక్షణం ఎవరో నా జడ పట్టుకుని వెనక్కి గుంజారు. చూస్తే మా అత్తగారు.

"పడుకున్నదాన్ని కొడతావా? మీ గుడివాడలో ఇదేనా నేర్పింది?"

"గుడ్డంతా పాడు చేసిందండీ!"

"చేస్తే? లేపి కొట్టు. బల్ల మీద చప్పుడు చెయ్యి, కళ్లు తెరవనీ, నిన్ను చూడనీ. అప్పుడు నీ చేతులు నొప్పెట్టేదాకా కొట్టు. నేనేమన్నా వద్దన్నానా?"

అదీ ఆవిడ న్యాయం. ఆవిడ ఒక్కదానిదే కాదు, మా వీధి వీధంతా అదే మాట. నిద్దట్లో ఉన్న జీవాన్ని కొడితే కొట్టిన చెయ్యి పడిపోతుందని చిన్నా పెద్దా అందరికీ నమ్మకం. గేదైనా, కోడైనా, తాగొచ్చి అరుగు మీద పడిన మొగుడైనా సరే, ముందు లేపాలి. ఆ తర్వాత ఎవరి ఓపిక వాళ్లది. ఇదేం చోద్యమమ్మా అనుకున్నాను గానీ, జడ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది కాబట్టి పైకి అనలేదు.

మాది పెడన. బందరు నుంచి గుడివాడ వెళ్లే దారిలో దిగిపోవాలి. ఇంట్లో కలంకారీ అద్దకం పని. మా ఆయన అచ్చులు వేస్తాడు, మా అత్తగారు గుడ్డలు ఉడకేస్తుంది, నేను కాలవలో జాడించి ఆరేస్తాను. అచ్చు వేసినప్పుడు గుడ్డ మీద ఎరుపు కనబడదు. అక్కడ అద్దింది పటిక నీళ్లే కాబట్టి వెలిసిపోయినట్టుంటుంది. దాన్ని రాగి గంగాళంలో రంగు చెక్కలతో కలిపి, కింద మంట ఆరకుండా, కర్రతో తిప్పుతూ ఉడకేస్తేనే ఎరుపు లేస్తుంది. అలా నలభై ఏళ్లుగా తిప్పీ తిప్పీ మా అత్తగారి చేతులు మోచేతుల దాకా ఎరుపెక్కిపోయాయి. వేళ్ల సందులు బీటలు వారి ఉంటాయి. పెళ్లిళ్లలో కొత్తవాళ్లు గోరింటాకు బాగా పండిందండీ అంటే, ఆవిడ మూతి తిప్పుకుని పోతుంది.

ఇక ఇంట్లో జంతువుల సంగతి. మనుషులకి కూర్చోడానికి తీరికలేని ఇంట్లో వాటి నిద్రలు చూస్తే నాకు కడుపు మండేది. అచ్చు బాగా దిగాలని బల్ల మీద గోనెలు, గోనెల మీద పాత కంబళ్లు మెత్తగా పరుస్తారు. ఏ జమీందారు పిల్లికీ అలాంటి పరుపు దొరికి ఉండదు. మా పిల్లి మధ్యాహ్నమంతా దాని మీదే. ముందు కూర్చుని ముఖం కడుక్కుంటుంది, తర్వాత ఒక పక్కకి ఒరుగుతుంది, ఆ తర్వాత దానికి ఎముకలు ఉన్నాయో లేదో అని అనుమానం వచ్చేలా పడిపోతుంది. కోళ్లు రంగు చెక్కల బస్తాల మీద ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి.

కుక్క మా అత్తగారిది. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో కోడూరు పక్కన. అక్కడ వాళ్ల తమ్ముడి రొయ్యల చెరువు దగ్గర ఈనిన పిల్లల్లో అన్నిటికంటే బక్కదాన్ని సంచిలో వేసుకుని, కండక్టర్‌తో పోట్లాడి మరీ బస్సులో తెచ్చింది. పగలు అది పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో పడుకునేది. పడుకునే ముందు తన చుట్టూ తాను తిరిగి తిరిగి, ఎక్కడో ఏదో సరిపోయిందన్నట్టు ధబ్బున కూలబడేది. నిద్దట్లో కాళ్లు కొట్టుకుంటూ పరిగెత్తేది, సన్నగా మొరిగేది. రాత్రయితే ఆవిడ మంచం కింద చేరేది. ఆవిడ ఒక చెయ్యి కిందికి వేలాడేసి పడుకుంటుంది, అది ఆ అరచేతిలో మూతి పెట్టి పడుకుంటుంది. కట్టుకున్న మొగుడు బతికున్నప్పుడు కూడా ఆవిడ అంత సుఖంగా నిద్రపోలేదని మా ఆయన అంటుండేవాడు.

మా వీధిలో తెల్ల కుక్క కనబడదు. గంగాళాల్లోంచి పారబోసిన నీళ్లలో దొర్లి, తడి గుడ్డల మీద పడుకుని, కుక్కలూ పిల్లులూ అన్నీ ఏదో ఒక రంగుతోనే తిరుగుతాయి. ఎర్ర మూతి, నల్ల పాదాలు, పసుప్పచ్చ తోక. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు కుక్క మూతి చూసి, ఎవరి పీక కొరికి వచ్చిందో అని గుమ్మంలోనే ఆగిపోయాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఎరుపు చూసి భయపడటమంటే మాకు అంత తమాషాగా ఉండేది.

అందుకే ఆ రోజు మాకు తట్టలేదు. వేసవి. పొద్దున్నే కుక్క ఎక్కణ్నించో వచ్చి, మెడంతా ఎర్రగా, గోనెల మీద పడుకుంది. మా ఆయన చూశాడు, నేను చూశాను, ఆవిడా చూసింది. గంగాళం నీళ్లలో దొర్లి ఉంటుందనుకుని ఎవరి పనిలో వాళ్లం పడ్డాం. అది సాయంత్రం దాకా లేవలేదు, అన్నం పెడితే కళ్లు తెరవలేదు. అప్పటికి మెడ చుట్టూ ఈగలు ముసిరాయి. రంగు మీద ఈగ వాలదు. దగ్గరికెళ్లి బొచ్చు విడదీస్తే మెడ కింద పళ్లు దిగిన గాట్లు!

"ఎవత్తెతో కొట్టుకొచ్చావే, నా తల్లీ?" అని మా అత్తగారు దాని తల ఒళ్లో పెట్టుకుని పసుపు అద్దింది. కుక్కన్నాక కొట్టుకోదా, అదే మానుతుంది అంది. డాక్టరుకి చూపిద్దామంటే, "నువ్వు తలనొప్పికి కూడా బందరు పరిగెడతావు, అదీ నీలాంటిదే అనుకున్నావా?" అంది. ఆ పుండు నిజంగానే మానింది. దాంతో ఆవిడ గెలిచినట్టు, నేను ఓడినట్టు లెక్క.

కొన్ని వారాలు గడిచాక దాని నిద్ర మారింది. ముందు బూడిద మానేసింది. కట్టెల మోపుల వెనక, వెలుతురు చొరబడని సందులో దూరి పడుకోవడం మొదలెట్టింది. ముడుచుకోదు, తిరగదు, నిలబడ్డచోటే కూలబడుతుంది. కళ్లు సగం తెరిచే ఉంటాయి. ఉన్నట్టుండి లేచి, లేని ఈగని కొరికినట్టు గాలిని కొరికేది. ఆవిడ మంచం కిందకి రావడం మానేసింది. ఆవిడ చెయ్యి మాత్రం అలవాటుగా ఇంకా కిందికి వేలాడుతూనే ఉండేది.

"అత్తయ్యా, దానికేదో అయిందండీ. నాకు భయంగా ఉంది."

"నీ నోట్లోంచి మంచి మాట రాదు కదా! ఎండలకి అలా ఉంది. నువ్వు మాత్రం ఎండలకి ఏం తిన్నగా ఉన్నావు?"

అందరికంటే ముందు తెలుసుకున్నది పిల్లి. బల్ల వదిలేసి పైన దూలం ఎక్కి కూర్చుంది. కిందికి రమ్మని పాలు చూపించినా రాలేదు. కానీ రేకుల షెడ్డు, రోళ్లు పగిలే ఎండ, దూలం కాలిపోతుంటే పాపం ఎంతకని ఉంటుంది? ఒకరోజు మధ్యాహ్నం దిగొచ్చి, తన బల్ల మీద, తన కంబళ్ల మీద, తడి గుడ్డ మీద పడిపోయి గుర్రు పెట్టింది. నేను గుమ్మంలో ఉన్నాను. లేపి కొడదామని చీపురు కూడా తీశాను.

కట్టెల వెనక నుంచి కుక్క వచ్చింది. మొరగలేదు, గుర్రుమనలేదు. బల్ల మీదికి లేచి నిద్దట్లో ఉన్న పిల్లి మెడ పట్టుకుంది. దాన్ని అటూ ఇటూ విదిలించి బల్లకేసి కొట్టింది. పిల్లి ఒక్కసారి అరిచింది, అంతే. ఆ తర్వాత కూడా కుక్క వదల్లేదు. చచ్చినదాన్ని నేలకేసి, బల్ల కాలికేసి కొడుతూనే ఉంది. నల్ల రంగు గిన్నె బోర్లాపడి అంతా చిమ్మింది. నేను గుమ్మంలోంచే కేకలు పెట్టాను.

మా అత్తగారు పొయ్యి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి, వద్దని అరిచేలోపే, ఆ దవడల మధ్య రెండు చేతులూ పెట్టి విప్పదీసింది. అది ఆవిడ ముఖంలోకి చూసింది. ఎవరో తెలియనట్టు చూసింది. విదిలించుకుని, దొడ్డి వాకిలి గుద్దుకుని, కాలవ వైపు పరిగెత్తింది. దాని నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది.

"కరిచిందా అత్తయ్యా?"

"లేదు."

చేతులు చాపి చూపించింది. నల్ల రంగు మరకల కింద ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి కదా, నమ్మాను.

ఈలోపు వీధంతా పోగయింది. పిచ్చి కుక్కట, పిల్లిని చంపిందట అన్న మాట ఇంటింటికీ పాకింది. ఆడవాళ్లు పిల్లల్ని లోపలేసి తలుపులు బిగించారు. మగవాళ్లు కర్రలు తీశారు. మా ఆయన తల్లి వైపు ఒకసారి చూసి, గంగాళం తిప్పే కర్ర తీసుకుని వాళ్లతో వెళ్లాడు. ఆవిడ కట్టెల మోపు మీద కూర్చుంది. ఎడమ చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది.

నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. "చేతులు కడుక్కోండి, నల్లరంగు ఎండిపోతే పోదు" అన్నాను. నిజంగా ఆ ఉద్దేశంతోనే అన్నాను. కుడి చెయ్యి చాపింది. ఎడమది చాపలేదు. కొంగు లాగేసి, ఆ చెయ్యి పట్టుకుని నీళ్లు పోశాను. ఎర్రగా కారాయి. మళ్లీ పోశాను, మళ్లీ ఎర్రగానే కారాయి. ఉడికి పట్టిన ఎరుపు నీళ్లకి కదలదు. దాని మీదే మేం బతుకుతున్నాం. కదిలిందంటే అది రంగు కాదు. బొటనవేలి మొదట్లో రెండు కంతలు, కంతల్లోంచి నెత్తురు.

"రంగే, రంగు!" అంది ఆవిడ.

"ఎవరికి చెబుతున్నారు? పదండి ఆసుపత్రికి."

"రాను."

"అత్తయ్యా, అది పిచ్చి కుక్క. సూదులు పడకపోతే చచ్చిపోతారు. రోగం బయటపడ్డాక దేవుడొచ్చినా బతికించలేడు. నీళ్లు చూసి అరుస్తూ చచ్చిపోతారు!"

"నేను సూది వేయించుకుంటే దానికి పిచ్చని నేనే ఒప్పుకున్నట్టు. నా చేత్తో నేనే చంపినట్టు. దాన్ని పట్టి కట్టెయ్యమను. నాలుగు రోజులు చూద్దాం. అది బాగుంటే నేనూ బాగుంటా."

నేను ఆటోకి ఫోన్ చేసి, సబ్బు తెచ్చి, పంపు తిప్పి, ఆ చెయ్యి దాని కింద పెట్టి రుద్దాను. ఆవిడ తన్నింది, గోళ్లతో రక్కింది, నా తల్లినీ తాతనీ వదలకుండా తిట్టింది. నేను వదల్లేదు. రుద్ది రుద్ది, రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాను. ఫోన్ చేసిన ఆటో వచ్చి ఆగింది. ఆవిడ అరుగు స్తంభాన్ని కావలించుకుని కూర్చుంది. కొంగు జారిపోయింది, జుట్టు ఊడిపోయింది. తలుపు సందుల్లోంచి వీధంతా చూస్తోంది. "చస్తే చస్తాను, నీకెందుకే? నేను పోతే పీడా పోయిందని పండగ చేసుకో!" అంది.

కొట్టాను. అత్తగారిని, నలుగురూ చూస్తుండగా, చెంప మీద చెళ్లున కొట్టాను.

"నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలే, ముసలిదానా?" అని అరిచాను. నా నోట్లోంచి ఆవిడని నువ్వు అనడం అదే మొదటిసారి. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు. ఆవిడ స్తంభం వదిలేసింది. నోరు తెరుచుకుని నా వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఆ సందులో ఆటోలోకి తోశాను.

బందరు రోడ్డెక్కాలంటే కాలవ గట్టు మీదుగానే వెళ్లాలి. ఇంకో దారి లేదు. కల్వర్టు దగ్గర మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఆటో ఆగిపోయింది. గుంపు మధ్య, కల్వర్టు నీడలో, కుక్క పడుకుని ఉంది. పరిగెత్తి పరిగెత్తి ఒళ్లు తెలియని నిద్రలో పడింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక్కరూ కర్ర ఎత్తడం లేదు. పిచ్చిదైనా సరే, పడుకుని ఉంది కదా! చెయ్యి పడిపోతుందని అందరికీ భయం. ఒకడు దాని పక్కన మట్టిబెడ్డ విసిరాడు. ఇంకొకడు కర్రతో కల్వర్టు గోడ మీద కొట్టాడు. అది లేవలేదు. "లేవనీండ్రా, లేవనీండి," అంటున్నాడు ఒక పెద్దాయన. మా ఆయన అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు.

మా అత్తగారు ఆటోలోంచి సగం బయటికి వంగింది. నేను నడుం పట్టుకుని లాగుతూనే ఉన్నాను.

"ఒరేయ్, కొట్టకండ్రా! అది పడుకుందిరా! పడుకున్నదాన్ని కొట్టకండ్రా నాయనా!"

ఆ గొంతు విని అది కళ్లు తెరిచింది. బెడ్డకి లేవలేదు, కర్ర చప్పుడుకి లేవలేదు, ఆవిడ గొంతుకి లేచింది. తల ఎత్తి ఆటో వైపు చూసింది. తోక నేల మీద ఒకసారి అటు నుంచి ఇటు కదిలింది.

మొదటి దెబ్బ మా ఆయనదే. నెత్తి మీద, బలమంతా పెట్టి కొట్టాడు. బాధ పడకుండా పోవాలని అలా కొట్టానని తర్వాత చెప్పాడు. కానీ మిగతావాళ్లు ఆగరు కదా, వాళ్ల భయం వాళ్లది. కర్రలు లేస్తూ పడుతూ ఉంటే ఎముకలు విరిగే చప్పుడు ఆటోలోకి వినబడింది. నేను ఆవిడ తల నా పొట్టకేసి అదిమిపెట్టి, "పోనివ్వయ్యా, పోనివ్వు!" అని ఆటో అతని మీద అరిచాను.

ఆసుపత్రిలో కంతల చుట్టూ ఆ పుండులోకే సూది గుచ్చారు. పక్క మంచం మీద మగమనిషి అదే సూదికి గావుకేకలు పెడుతున్నాడు. ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. మళ్లీ మళ్లీ రావాలని తేదీలు చెప్పారు. ప్రతిసారీ తీసుకెళ్లాను. రమ్మంటే వచ్చేది, చెయ్యి చాపమంటే చాపేది. అదే నన్ను చంపింది. నాతో మాట్లాడలేదు, కొడుకుతో మాట్లాడలేదు. గంగాళం కింద నిప్పు రాజెయ్యలేదు. పగలంతా గోనెల మీద, గోడ వైపు తిరిగి పడుకునేది. అంత నిద్ర ఆవిడకి ఎక్కడిదో! నేను కూర మాడ్చాను, ఆవిడకి ఇష్టమైన ఇత్తడి చెంబుకి సొట్ట పెట్టాను, కోళ్లని వదిలేశాను. ఒక్క తిట్టు లేదు. దేవుడా, ఒక్క తిట్టు తిట్టించు తండ్రీ అని దండం పెట్టుకున్న కోడల్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. రోజూ పొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చి, గుటక పడుతుందా లేదా అని ఆవిడ గొంతు కేసి చూస్తూ నిలబడేదాన్ని. గుటక పడ్డాకే నాకు ఊపిరి ఆడేది.

ఆఖరి సూది వేసిన రోజు నర్సమ్మ, "ఇక భయం లేదు మామ్మగారూ, వెళ్లి హాయిగా ఉండండి" అంది. ఆవిడ తలూపింది. బస్సులో పెడన దాకా వచ్చి ఆటో ఎక్కాం. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి, "ఆపు" అంది. నెల రోజుల తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. దిగి, ఆ నీడలోకి వెళ్లి నిలబడింది. నేల మీద ఏమీ లేదు, గడ్డి మొలిచింది. గట్టు మీద బట్టలు ఆరేసే ఆడవాళ్లు పని ఆపేసి చూస్తున్నారు. చాలాసేపు అలాగే నిలబడింది. ఇక నేనే వెళ్లి, "పదండి అత్తయ్యా" అని రెక్క పట్టుకున్నాను.

గిర్రున తిరిగి చెంప పగలగొట్టింది.

"నా గొంతు విని లేచిందే అది! నువ్వు ఈడ్చుకురాకపోతే నేను అరిచేదాన్నా? అది లేచేదా?" అంది. "నలుగుర్లో కొట్టావుగా నన్ను. నలుగుర్లోనే తీసుకో!" అని ఇంకొకటి కొట్టింది. కుక్క కరిచిన చెయ్యితోనే కొట్టింది. చెవి గింగురుమంది, తూలి కల్వర్టు గోడ పట్టుకున్నాను. గట్టు మీద ఆడవాళ్లు అయ్యో అయ్యో అంటున్నారు. ఆ చేతిలో ఇంకా అంత బలం ఉందని నాకు ఏడుపు ఆగలేదు.